మూడు బర్రెల పొడవు గది

పోయిన గురువారం జుమ్మేరాత్ బజారులో పాత ఇనుము కుప్పల మధ్య ఒక చిన్న పిడి దొరికింది. ఇత్తడి వంకీ, చివర నల్ల చెక్క గుబ్బ. ఇదేమిటని అడిగితే అమ్మేవాడు కాఫీ గింజలు విసిరే మిషన్‌దన్నాడు. పక్కన తాళాలు పరుచుకొని కూర్చున్నవాడు కుట్టు మిషన్‌దన్నాడు. వాళ్ళిద్దరూ వాదులాడుకుంటుండగా నేను గుబ్బ పట్టుకొని దాన్ని గాలిలో రెండు చుట్లు తిప్పాను. మరీ వేగంగా కాదు, మరీ నెమ్మదిగా కాదు. చెయ్యి మరచిపోలేదు. బేరం ఆడకుండా కొని జేబులో వేసుకున్నాను.

అది ఇంట్లో బొమ్మలు ఆడించే చిన్న సినిమా మిషన్ పిడి. దాన్ని ఎంత వేగంతో తిప్పాలో నాకు నేర్పింది ధూల్‌పేట్‌లో పాలు అమ్ముకునే ఒకాయన. "బర్రె నెమరేసినట్టు తిప్పు తమ్మీ" అన్నాడు. ఇంటికి నడుస్తున్నంతసేపూ జేబులో వేళ్ళు ఆ గుబ్బ మీదే ఉన్నాయి, మనసు ఆయన మీద ఉంది.

ఆయన పేరు రాయడం లేదు. రాసినా మా గల్లీలో ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకు బాపు, ఇళ్ళవాళ్ళకు పాలాయన, నాకు అన్న. నేను అప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం దుకాణంలో గుమాస్తాను. దుకాణం మూయగానే తెలుగు గ్రంథాలయానికి పరుగెత్తి, దీపాలు ఆర్పేదాకా ఏది దొరికితే అది చదివేవాణ్ణి. అందుకని ఆయన నన్ను కుతుబ్‌ఖానా అని పిలిచేవాడు. గ్రంథాలయానికి ఉర్దూలో అదే మాట. ఒక మనిషిని పట్టుకొని గ్రంథాలయమా అని పిలిస్తే ఎవరికైనా నవ్వొస్తుంది గాని, నాకు మాత్రం లోపల గర్వంగానే ఉండేది.

పాలు పోయడానికి ఎవరింటికి వెళ్ళినా ఆయన ముందు మనిషిని చూసేవాడు కాదు, గోడను చూసేవాడు. చెంబులో పాలు పోస్తూనే ఒక కన్ను సగం మూసి, గది ఈ చివరి నుంచి ఆ చివరికి చూపు పంపేవాడు. తర్వాత తనలో తాను, "రెండు బర్రెలు, ఒక దూడ" అనుకునేవాడు. బర్రె అంటే ముట్టె నుంచి తోక మొదలు దాకా. దూడ అంటే అందులో సగం. గజాలూ అడుగులూ ఆయన నమ్మేవాడు కాదు. గజంబద్ద దుకాణానికొక తీరు ఉంటుంది, బర్రె ఎక్కడైనా బర్రేనని ఆయన వాదం. కొత్తగా సున్నం వేసిన గోడ కనబడితే ఆగిపోయి అరచేత్తో నిమిరేవాడు. అలాంటి గోడకు ఎవరైనా పటం తగిలించడానికి మేకు కొట్టబోతే, "ఎందుకమ్మా మంచి గోడను ఖరాబు చేస్తవ్" అని బతిమాలేవాడు. పాలల్లో నీళ్ళు ఎక్కువైన రోజున కూడా ఆయనతో జగడం పెట్టుకోని ఇల్లాళ్ళు ఈ మేకుల దగ్గర జగడం పెట్టుకునేవారు.

ఇదంతా సినిమా మిషన్ కోసమని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. తెలిశాక ఆ పిచ్చిలో నేనూ భాగస్థుణ్ణయ్యాను.

సంగతేమిటంటే, ఆయన భార్య, అంటే మా వదిన, సినిమా చూడలేదు. మాటలు వచ్చిన సినిమాలు ఊళ్ళో ఆడడం మొదలై కొన్నేళ్ళయింది. కూరగాయలమ్మే ముసలమ్మ కూడా చూసి వచ్చి పాటలు పాడుతోంది. వదిన మాత్రం చూడలేదు. హాలులో ఆడవాళ్ళకని పర్దాలు కట్టి ప్రత్యేకంగా ఆడే ఆట సాయంత్రం పూట, సరిగ్గా బర్రెలను పిండే వేళ. రాత్రి ఆటకు మా దిక్కు ఆడవాళ్ళు పోరు. పోనీ ఒక్కరోజు ఇంకెవరైనా పిండుతారా అంటే, వాళ్ళ దొడ్డిలో చంద్రి అనే బర్రె ఒకటుంది. నుదుట తెల్ల చుక్క ఉన్నందుకు ఆ పేరు. వదిన చెయ్యి పడితే గాని పాలు చేపేది కాదు. పొదుగు నిండుగా ఉన్నా ఒక్క చుక్క వదలకుండా ఎగజేపేది. పెళ్ళయిన కొత్తలో అన్న ఒకసారి నోరు మూసుకొని, భయపడుతూ, కింద కూర్చుంటే తన్నింది. చంద్రిని చూసి మిగతా బర్రెలూ అదే దారి పట్టాయి. ఆ ఇంట్లో పిండేది వదినే అని అప్పుడే ఖాయమైపోయింది.

అన్న మాత్రం రాత్రి ఆటలు వదిలేవాడు కాదు. చూసి వచ్చి, తెల్లవారి వదిన పిండుతుంటే పక్కన గుంజకు ఆనుకొని సగం కథ చెప్పేవాడు, సాయంత్రం పిండేటప్పుడు మిగతా సగం. వదిన వినేది. ఒకరోజు, పిండుతూ పిండుతూ తల తిప్పకుండానే అన్నదట.

"నువ్వు చూసినవ్, సరే. నేనెప్పుడు చూడాలె?"

ఆయనకు ఏం చెప్పాలో తోచక, "ఇంటికే తెస్త" అన్నాడు. ఆ మాట అని ఊరుకుంటే పోయేది. వదిన చెయ్యి ఆపి ఆయన ముఖంలోకి చూసింది. నిజంగానా అన్నట్టు చూసింది. ఆ చూపు చూశాక ఇక తన మెడకు గుదిబండ పడ్డదని నాతో చెప్పి నవ్వేవాడు గాని, నవ్వు సగంలో ఆగిపోయేది.

ఆయన కథ చెప్పే పద్ధతి ఒకటి చెప్పాలి. నేనూ అవే సినిమాలు చూసేవాణ్ణి. ఆయన చెప్పేది వింటే వేరే హాలులో వేరే సినిమా చూసినట్టు ఉండేది. నాయిక ఏట్లో దూకి చనిపోయే కథలో, ఆయన చెప్పేటప్పటికి ఆమె ఒడ్డెక్కి తల తుడుచుకునేది. మొదటిసారి నేను పక్కనే ఉండి, "లేదన్నా, చచ్చిపోతది గదా" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకొని దొడ్డి బయటికి లాక్కొచ్చాడు.

"చంద్రి ముంగల ఎవరూ చావద్దు. చచ్చిన్రని వింటే ఎగజేపుతది."

బర్రెకు తెలుగు అర్థమవుతుందా అని అడిగాను. అర్థమయ్యేది మాట కాదు, గొంతు అన్నాడు. చావు చెప్పేటప్పుడు మనిషి గొంతు తడబడుతుందనీ, బర్రె అది పడుతుందనీ. సరే, నేను పుస్తకాల్లో వెతికాను. పశువుల గురించి దొరికిన ఒకే పుస్తకంలో గాళ్ళ రోగం గురించి తప్ప ఏమీ లేదు.

మిషన్ ఎంచుకోవడం మొదలయింది. ముందు అబిడ్స్‌లో ఒక పెద్ద దుకాణానికి పోయాం. అక్కడ సూటు తొడుక్కున్న గుమాస్తా ఉర్దూలో మర్యాదగా గది ఎంత పొడవని అడిగాడు. అన్న అంతే మర్యాదగా "తీన్ భైంస్" అన్నాడు. మూడు బర్రెలు. గుమాస్తా రాసుకోబోయి కలం ఆపాడు. నేను మధ్యలో దూరి అడుగుల్లో చెప్పాను. అతను కరెంటుతో నడిచే మిషన్ ఒకటి ఆడించి చూపించాడు. తెల్లటి గోడ మీద ఏనుగుల గుంపు నడిచిపోయింది. నేను నోరు తెరిచి చూస్తుంటే అన్న కళ్ళు మూసుకొని వింటున్నాడు.

"లొల్లి మస్తున్నది. బర్రెలు బెదురుతయ్" అన్నాడు.

సినిమా ఎవరు చూస్తారని గుమాస్తా అడిగాడు. "చూసేది మా ఆడామె. వినేది బర్రెలు" అని అన్న జవాబు. అయినా మా గల్లీలో కరెంటు లేదు గనుక ఆ మిషన్ సంగతి అక్కడితో తీరింది. గాజు పలకల మీద బొమ్మలు వేసి చూపించే లాంతరు చౌకగా వస్తుందని గుమాస్తా చెప్పాడు. ఆ బొమ్మలు కదలవు. నిలబడ్డ బొమ్మ చూడాలంటే ఇంట్లో క్యాలెండర్ ఉంది కదా అని అన్న లేచాడు.

నేను ఊరుకోలేదు. గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పుస్తకం సంపాదించి, పక్కన నిఘంటువు పెట్టుకొని, వారం రోజులు కుస్తీ పట్టాను. తెలుసుకున్నది పరుగున పోయి ఆయనకు చెప్పాను. మిషన్ ఎంత దూరం జరిగితే బొమ్మ అంత పెద్దదవుతుంది, కాని అంత మసక అవుతుంది. దూరం రెట్టింపయితే వెలుగు సగం కాదు, పావే మిగులుతుంది. ఉన్న వెలుగంతా అంత పెద్ద బొమ్మకు పంచాలి గదా. ఆయన బిందె కడుగుతూ విన్నాడు.

"అంటే దూరం పోయినకొద్దీ నీళ్ళు కలుస్తయ్ అన్నట్టు."

అంతే అన్నాను. అంతకంటే బాగా నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేను. అప్పటి నుంచి మా బేరాలన్నీ ఆ భాషలోనే సాగాయి. మాకు కావలసింది చిక్కటి బొమ్మా, పెద్ద బొమ్మా? కరెంటు లేదు గనుక వెలుగు కార్బైడు దీపానిదే, అంటే మొదటే పలచన పాలు. అందులో దూరం కలిపితే ఇక మిగిలేది నీళ్ళే. కనుక చిన్న మిషన్, చిన్న బొమ్మ, దగ్గరి దూరం. పందిరి మంచం మీది దుప్పటిలో సగమంత బొమ్మ చాలు. చూసేది ఒక్క మనిషి.

ఇక్కడి దాకా ఇద్దరం ఒకటే. దీని తర్వాత మాకు పడలేదు. చిన్న బొమ్మకు ఆయన ఇంట్లో వెనక గది బ్రహ్మాండంగా సరిపోతుందని నా లెక్క. ఆయన మాత్రం ఎన్నిసార్లు కొలిచినా సగమే ఉందనేవాడు. ఏ మిషన్ చూసినా, ఏ గది చూసినా, నేను చెప్పినదానికి సరిగ్గా రెట్టింపు కావాలనేవాడు. గ్రంథాలయం మూసి వచ్చి ఆయనతో వాదించి వాదించి, చివరికి ఒకనాడు నేల మీద బొగ్గుతో గీసి చూపించమన్నాను. ఆయన గీశాడు. ఈ చివర మిషన్. ఆ చివర పీట మీద వదిన. మధ్యలో బట్ట.

"బట్ట నడుమ ఎందుకన్నా? గోడకు కట్టు. మిషన్ ఉన్న దిక్కే వదిన కూసుంటది."

ఆయన నా వంక జాలిగా చూశాడు. కొన్నేళ్ళ కింద పాలు పోసే ఒక నవాబు గారి దేవిడీలో, పిల్లవాడి అక్షరాభ్యాసం వేడుక నాడు, ఆయన తన కళ్ళతో సినిమా మిషన్ చూశాడట. వంటింటి వైపు నుంచి, తలుపు సందులోంచి. మధ్యలో తడిపిన తెల్లబట్ట కట్టి ఉంది. మిషన్ బట్టకు అవతల ఎక్కడో టకటకలాడుతోంది. ఇవతల బేగంలు కూర్చొని చూస్తున్నారు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"మిషన్ అటు, మనిషి ఇటు, నడుమ తడిబట్ట. నవాబు ఇంట్ల తప్పు చేస్తరా?"

అది పర్దా కోసం చేసిన ఏర్పాటని నాకు అర్థమయింది. మిషన్ తిప్పేది మగవాడు గనుక అతన్ని బట్టకు ఆవల పెట్టి, ఆడవాళ్ళను ఈవల కూర్చోబెట్టారు. మగవాళ్ళు ఆ పక్కనుంచే చూసి ఉంటారు. అదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. పైగా కార్బైడు కంపు, మిషన్ చప్పుడు బర్రెల దగ్గరికి రాకూడదంటే బట్ట మధ్యలోనే ఉండాలన్నాడు.

గది సంగతి ఇలా ఉండగా, డబ్బు సంగతి వదిన చేతిలో ఉంది. ఆయన ఒక బర్రెను అమ్ముదామన్నాడు. వదిన ఏమన్నదంటే, "నాకు సినిమా చూపియ్యనీకి నా బర్రెనే అమ్ముతవా. చంద్రి ఈనుతది గదా. దున్న దూడ పుడితే నీ మిషన్‌కు. పడ్డ పుడితే నా దొడ్డికి." అది తీర్పు.

చంద్రి పడ్డను ఈనింది. పాడి ఉన్న ఇంట్లో ఆడదూడ పుడితే పండగ. గల్లీ అంతా వచ్చి జున్ను తిని పోయింది. ఆయన ఒక్కడే మూలన కూర్చొని జున్ను గిన్నె వంక చూస్తున్నాడు. తర్వాతి ఈతలోనూ పడ్డే. ఆ పైది కూడా పడ్డే. పాతబస్తీలో ఆడదూడ పుట్టినందుకు ముఖం చిన్నబుచ్చుకున్న పాలాయన ఆయనొక్కడే అయి ఉంటాడు. అందరూ నీ దొడ్డి నిండిందని మెచ్చుకుంటుంటే, తలకాయ ఊపి, నా వైపు తిరిగి గొణిగేవాడు, "గిట్ల ఆస్తి పెరిగితే మనం సినిమా చూసినట్టే తమ్మీ."

యుద్ధం మొదలైన రోజుల్లో చంద్రికి దున్న దూడ పుట్టింది. ఆయన దాని మెడలో పూలదండ వేశాడు.

దున్న దూడకు ఎంత తక్కువ వస్తుందో పాలవాళ్ళకు తెలుసు. అబిడ్స్ వైపు పోయే పని లేకుండా పోయింది. జుమ్మేరాత్ బజారులో, ఎవరో పెద్దింటివాళ్ళు వదిలించుకున్న సామాను మధ్య, చేత్తో తిప్పే చిన్న మిషన్ దొరికింది. పాల బిందె కంటే కొంచెం పొడవు. దానితో పాటు రేకు డబ్బాలో చుట్టిన రీలు ఒకటే ఒకటి. అందులో ఏముందో అమ్మేవాడికి తెలియదు. డబ్బా మీద రాసింది ఇంగ్లీషు కాదు, నాకు రాని వేరే భాష ఏదో. రీలు కొస పట్టుకొని వెలుతురుకు పెట్టి చూద్దామన్నాను. ఆయన డబ్బా లాక్కున్నాడు.

"మనం ముందే చూస్తే ఎంగిలైతది. మొదలు మీ వదిన చూడాలె."

గది సమస్యను గాజుల భాయ్ తీర్చాడు. ఆయన లాడ్‌బజారులో గాజులమ్మేవాడు, ఎదురింట్లోనే కాపురం. ఆయన ముందుగది కిటికీకీ, అన్న దొడ్డి తలుపుకూ మధ్య గల్లీ వెడల్పు తప్ప ఏమీ లేదు. ఒకరోజు మేం బొగ్గు గీతల మీద కూర్చొని తలలు పట్టుకున్నప్పుడు, ఆయన అరుగు మీద నుంచి ఈ జగడమంతా విని, "అరె భాయ్, నా దగ్గర కిటికీ ఉంది, నీ దగ్గర తలుపు ఉంది, నడుమ గల్లీ సర్కారుది. ఇంకా ఎంత పెద్ద గది కావాలె నీకు" అన్నాడు. అన్న లేచి గల్లీలో నిలబడి కన్ను సగం మూశాడు. కిటికీ నుంచి తలుపు దాకా ఒక బర్రె, ఒక దూడ. ఇవతల దొడ్డి లోపల ఇంకొక బర్రె, ఇంకొక దూడ. మొత్తం మూడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

భాయ్ భార్యను మేమంతా ఖాలా అనేవాళ్ళం. ఆమె తలుపుకు కట్టిన వెదురు చిక్ వెనక నుంచి ఒకే షరతు పెట్టింది, తమకూ కనబడాలని. బట్టకు ఎటువైపైనా కనబడుతుందని నేను హామీ ఇచ్చాను.

సినిమా వేళ కూడా పిండే వేళే. ఎందుకంటే బర్రెలు ఆగవు, రాత్రయితే భాయ్ ఇంట్లో పిల్లలు పడుకుంటారు. మగ్రిబ్ నమాజు అయ్యి, గల్లీలో చీకటి పడుతుండగా, దొడ్డి తలుపుకు ధోవతి కట్టి తడిపాం. వదిన లోపల చంద్రి పక్కన పీట వేసుకొని, పొదుగు కడిగి, బట్ట వంక ముఖం పెట్టి కూర్చుంది. అన్న ఎదురింటి కిటికీలో మిషన్ పిడి పట్టుకొని కూర్చున్నాడు. నేను గల్లీలో నిలబడి వచ్చేపోయేవాళ్ళను వంగి నడవమని బతిమాలుతున్నాను. కార్బైడు దీపం బుసకొట్టింది. పిడి తిరిగింది.

మసగ్గా, వణుకుతూ, ధోవతి మీద ఒక పచ్చిక బయలు వచ్చింది. తెల్లటి ఇల్లు. ఇంటిలోంచి ఒక లావుపాటి దొరసాని బకెట్టు పట్టుకొని వచ్చింది. వెనకే ఒక ఆవు. దొరసాని పీట వేసుకుంది. కూర్చుంది. ఆవును పిండడం మొదలుపెట్టింది.

పిండుతూనే ఉంది. రీలంతా అదే.

నాకు అన్న ముఖం చూసే ధైర్యం చాలలేదు. ఇన్నేళ్ళు కొలిచి, తిరిగి, దూడ కోసం కాచుకొని, పాలు పిండే చోటి నుంచి కదలలేని మనిషికి చివరికి తెచ్చి చూపించింది పాలు పిండడం. రీలు అయిపోయి బట్ట తెల్లబడింది. అప్పుడు దొడ్డి లోపలి నుంచి నవ్వు వినబడింది. వదిన అంత గట్టిగా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు.

"మల్ల తిప్పు. దానికి పిండుడు సరిగ్గ రాదు, ఇంకోసారి చూడాలె."

అన్న రీలు చుట్టి మళ్ళీ తిప్పాడు. ఈసారి లోపలి నుంచి వ్యాఖ్యానం మొదలయింది. దొరసాని చన్ను గుంజుతోందట, వేళ్ళు ముడవడం లేదట. దూడను విడవకుండానే కూర్చుందట. "ఒక్కటి మాత్రం మంచిగ చేసింది. మన లెక్కనే ఎడమ పక్కకు కూసున్నది" అని మెచ్చుకుంది కూడా.

చిక్ వెనక నుంచి ఖాలా అభ్యంతరం చెప్పింది. ఎడమ పక్క కాదు, కుడి పక్క కూర్చుందని. వదిన ఎడమ అన్నది. ఖాలా కుడి అన్నది. పుట్టినప్పటి నుంచి బర్రెల మధ్య ఉన్నదాన్ని నాకు ఎడమ తెలియదా అని వదిన. నాకు మాత్రం కళ్ళు లేవా అని ఖాలా. నాకు సంగతి తట్టింది. కాగితం మీద రాసిన అక్షరాన్ని వెనక నుంచి చూసినట్టే, బట్టకు వెనక కూర్చుంటే కుడి ఎడమవుతుంది. ఆ మాట గల్లీలో నిలబడి గట్టిగా చెప్పాను. మిషన్ తిప్పుతున్న చెయ్యి ఆగింది.

"అయితే దేవిడీల నేను చూసింది..."

"ఉల్టా చూసినవన్నా."

ఇన్నేళ్ళు గదిని రెట్టింపు చేసి కొలుస్తున్న మనిషి, ఆ కొలత ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు చూసుకున్నాడు.

వదినకు అది కాదు కావలసింది. "నేను అటు దిక్కు వచ్చి చూస్త" అని లేచింది. చంద్రి ఇంకా చేపనే లేదు. అయినా లేచింది. అన్న నన్ను లోపలికి పిలిచి, పిడిని నా చేతిలో పెట్టి, నెమరేసినట్టు తిప్పమని చెప్పి, గిన్నె అందుకోవడానికి దొడ్డిలోకి పరుగెత్తాడు. వదిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ గల్లీ దాటి, చిక్ ఎత్తి ఖాలా పక్కన కూర్చుంది. పిండే వేళ ఆమె గల్లీ దాటడం నేను చూడడం అదే మొదలు.

నేను తిప్పుతున్నాను. దొరసాని నిజంగానే కుడి పక్కన కూర్చుంది. వదిన ముక్కు మీద వేలేసుకుంది. బట్టకు అవతల, చీకట్లో, అన్న గొంతు వినబడుతోంది. తనను తన్నిన బర్రె దగ్గర ఒంటరిగా ఉన్నందుకు భయమేమో, కథ ఎత్తుకున్నాడు. ఆ దొరసాని మొగడు యుద్ధానికి పోయాడట. ఉత్తరం లేదట. అయినా ఫికర్ లేదు, వస్తాడట. తెల్ల ఆవు రోజూ దారి చూస్తోందట. దూరంగా దుమ్ము లేచిందట. అదిగో, వస్తున్నాడట.

వదిన బొమ్మ చూడడం మానేసి తల పక్కకు తిప్పింది.

"ఆపు తమ్మీ" అన్నది.

మిషన్ ఆపాను. బట్ట వెనక నుంచి గిన్నెలో పాలు పడుతున్న చప్పుడు. ఎడతెగకుండా, నురుగు కట్టిన చప్పుడు. ఏ బర్రె ఆమె చెయ్యి పడితే గాని చేపదో ఆ బర్రె.

ఆమె చాలాసేపు విన్నది. తర్వాత బట్ట వైపు చూసి అడిగింది.

"అయితే గిన్నేండ్లు నేను ఇంట్ల ఎందుకు కూసున్న?"

చంద్రి ఇన్నాళ్ళూ చేపింది వదిన చేతికి కాదు, ఆయన గొంతుకు. పిండిన ప్రతిపూటా ఆ గుంజకు ఆనుకొని ఆయనే ఉన్నాడు గనుక ఆ సంగతి ఎవరికీ తెలిసే వీలు లేకపోయింది. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియక ఆయన గిన్నె పట్టుకొని తలుపులో నిలబడ్డాడు. ధోవతి ఆయన తల మీద పడి ఉంది.

తర్వాతి వారం వదిన ఖాలాతో కలిసి ఆడవాళ్ళ ఆటకు పోయింది. ఆ తర్వాత దాదాపు ఏ కొత్త సినిమానూ వదల్లేదు. అన్న ఇంట్లో ఉండి, కథలు చెబుతూ, పిండేవాడు. చెప్పడానికి కొత్త కథ కావాలి గనుక ఆమె వచ్చి ఆయనకు చెప్పాలి. ఆమె చెప్పే పద్ధతి వేరు. చచ్చినవాళ్ళను చచ్చారనే చెప్పేది, ఎలా చచ్చారో కూడా చెప్పేది. ఆమె దగ్గర విన్నదాన్ని బర్రెల కోసం బాగుచేయడానికి ఆయనకు ఒక పూట పట్టేది. "మీ వదిన అందరినీ చంపి వస్తది. నేను లేపాలె" అని నాతో మొరపెట్టుకునేవాడు. మిషన్‌ను గాజుల భాయ్ పిల్లలు తిప్పి తిప్పి ముక్కలు చేశారు. నా జేబులో ఉన్నది దాని పిడేనని నేను అనను. అలాంటివి ఊళ్ళో ఇంకా ఉండి ఉంటాయి.

ఆయన పోయింది ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఒక మధ్యాహ్నం. కబురు విని ఉస్మాన్‌గంజ్ నుంచి నేను పోయేసరికి పాడె కడుతున్నారు. సాయంత్రానికి దహనం చేసి వచ్చి స్నానాలు చేశాం. ఇల్లంతా చుట్టాలు. దొడ్డిలో బర్రెలు అరుస్తున్నాయి. పొదుగులు బరువెక్కి అరుస్తున్నాయి, వాటికి మన ఏడుపుతో పని లేదు. చంద్రి అప్పటికి లేదు. దాని స్థానంలో పెద్ద పడ్డ ఉంది, ఆయన జున్ను గిన్నె వంక చూస్తూ ముఖం చిన్నబుచ్చుకొని స్వాగతం చెప్పిన మొదటిది. దాన్ని ఎవరెవరో పిండబోయారు. ఎగజేపింది.

వదిన లోపలి నుంచి లేచి వచ్చింది. పీట వేసుకొని, పొదుగు కడిగి, పట్టింది. రాలేదు. ఆమె చెయ్యి ఆపి, ఆయన ఆనుకొని నిలబడే గుంజ వంక చూసింది. తర్వాత ముందుకు వంగి ఆ బర్రె చెవి దగ్గర నోరు పెట్టింది. సినిమాలో చచ్చినవాళ్ళను ఒక్కసారైనా బతికించి చెప్పని మనిషి, గొంతు తడబడకుండా చెప్పింది.

"పండుకున్నడే. లేస్తడు."

నేను తలుపు బయట నిలబడి ఉన్నాను. కొంతసేపటికి గిన్నెలో పాల చప్పుడు మొదలయింది.